పెళ్లి ఫోటోలను పాడుచేసిన ఒక్క అంకె: బీఎస్‌డీలో షేర్డ్ లైబ్రరీ నంబర్లు ఎలా పనిచేస్తాయి?

నా రూమ్మేట్ వాళ్ల అక్క పెళ్లి ఫోటోలు మూడు వందలకు పైగా ఒక్క రాత్రిలో పాడైపోయాయి. వైరస్ కాదు, హార్డ్ డిస్క్ పోలేదు, మెమరీ కార్డ్ కూడా కరప్ట్ అవ్వలేదు. తప్పు నాది. నేను తయారుచేసిన ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో మార్చాల్సిన అంకె ఒకటి మార్చలేదు. అంతే.

ఆ అంకెనే షేర్డ్ లైబ్రరీ వెర్షన్ నంబర్ అంటారు. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్య ఈ బీఎస్‌డీ గోలేంటి అనుకోకండి. ప్లేస్టేషన్ 4 సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీబీఎస్‌డీ మీద కట్టిందే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే బయోనిక్ అనే సీ లైబ్రరీలో బీఎస్‌డీల నుంచి తీసుకున్న కోడ్ చాలా ఉంది. సర్వర్లలోకి లాగిన్ అవ్వడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది ఓపెన్‌బీఎస్‌డీ ప్రాజెక్టులోనే. కాబట్టి ఇది మనకి దూరపు చుట్టమేమీ కాదు.

అసలు ఏం జరిగింది?

నా పాత ల్యాప్‌టాప్‌లో ఓపెన్‌బీఎస్‌డీ వాడతా. ఆ పిచ్చి రూమ్మేట్‌కి కూడా అంటించి, వాడి ల్యాప్‌టాప్‌లో నేనే ఇన్‌స్టాల్ చేసిచ్చా. వాడికి ఫోటోల సైజ్ తగ్గించే చిన్న కమాండ్‌లైన్ టూల్ ఒకటి కావాల్సి వచ్చింది. ఆ టూల్ నడవాలంటే ఒక ఇమేజ్ లైబ్రరీ ఉండాలి. రెండూ రెడీమేడ్ ప్యాకేజీలుగా దొరకలేదు కాబట్టి నేనే కట్టిచ్చా. లైబ్రరీ అసలు పేరు ఇక్కడ అనవసరం, లిబ్‌ఫూ అనుకుందాం.

కొన్నాళ్లకి లిబ్‌ఫూ 1.4.2 పోయి 1.4.3 వచ్చింది. రిలీజ్ నోట్స్‌లో బగ్ ఫిక్సులు, కొంచెం స్పీడ్ పెంచాం అని రెండు లైన్లు రాశారు. చివరి అంకె ఒక్కటే మారింది కదా, పెద్ద మార్పులేమీ ఉండవులే అనుకున్నా. ప్యాకేజీలో లైబ్రరీ నంబర్ 3.1 ఉండేది, దాన్ని అలాగే ఉంచేశా. లైబ్రరీ ప్యాకేజీ ఒక్కటే బిల్డ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చా. టూల్‌ని మళ్లీ బిల్డ్ చేయలేదు. ఇన్‌స్టాల్ అయింది, టూల్ స్టార్ట్ అయింది, హెల్ప్ మెసేజ్ వచ్చింది. "పనిచేస్తోంది రా, వాడుకో" అన్నా.

ఆ రాత్రి వాడు పెళ్లి ఫోటోల ఫోల్డర్ మొత్తం మీద టూల్ నడిపాడు. క్వాలిటీ 92 పెట్టాడు. ఒరిజినల్ ఫైల్ మీదే సేవ్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంది. ఒక్క ఎర్రర్ రాలేదు, ఎక్కడా క్రాష్ అవ్వలేదు. పొద్దున లేచి చూస్తే ప్రతి ఫోటో గళ్లు గళ్లుగా ఉంది. తలంబ్రాల ఫోటోలో అక్క ముఖం నాలుగు రంగు చదరాలు, అంతే.

తర్వాత కూర్చుని వెతికితే కారణం దొరికింది. టూల్ తన సెట్టింగ్స్‌ని ఒక స్ట్రక్చర్‌లో పెట్టి లైబ్రరీకి ఇస్తుంది. పాత వెర్షన్‌లో ఆ స్ట్రక్చర్‌లో వరసగా నాలుగు అంకెలు ఉండేవి: వెడల్పు, ఎత్తు, క్వాలిటీ, ప్రోగ్రెసివ్. ఒక్కోటి 4 బైట్లు. కొత్త వెర్షన్‌లో స్పీడ్ కోసం ఎత్తుకీ క్వాలిటీకీ మధ్యలో థ్రెడ్స్ అనే ఐదో అంకెని దూర్చారు.

పాత టూల్‌కి ఈ సంగతి తెలీదు. అది మూడో గడిలో 92, నాలుగో గడిలో 1 పెట్టి ఇచ్చింది. కొత్త లైబ్రరీ మూడో గడిని చదివి 92 థ్రెడ్స్ అనుకుంది. నాలుగో గడిని చదివి క్వాలిటీ 1 అనుకుంది. నూటికి ఒకటి క్వాలిటీతో జేపెగ్ సేవ్ చేస్తే వచ్చేది ఆ చదరాలే.

లైబ్రరీలో బగ్ లేదు. టూల్‌లోనూ బగ్ లేదు. రెండింటి మధ్య ఒప్పందం మారింది. మారిందని చెప్పాల్సిన నంబర్‌ని నేను మార్చలేదు.

ఏపీఐ వేరు, ఏబీఐ వేరు

బీటెక్‌లో ఏపీఐ అనే మాట వంద సార్లు విని ఉంటాం. ఏబీఐ గురించి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. తేడా సింపుల్. సోర్స్ కోడ్ రాసేటప్పుడు లైబ్రరీతో ఉండే ఒప్పందం ఏపీఐ: ఫంక్షన్ పేరేంటి, ఏమిస్తే ఏం వస్తుంది అనేది. కంపైల్ అయిపోయాక, రెండు బైనరీ ఫైళ్ల మధ్య ఉండే ఒప్పందం ఏబీఐ: ఏ గడి ఎన్నో బైట్ దగ్గర ఉంది, ఏ అంకె ఎన్ని బైట్లు అనేది.

రైలు రిజర్వేషన్ లాంటిదే ఇది. టికెట్ మీద మీ పేరుండదు సీటు దగ్గర, నంబరే ఉంటుంది. మీరు టికెట్ తీసుకున్నాక బోగీలో మధ్యలో ఒక కొత్త బెర్త్ పెట్టి, ఆ తర్వాతి నంబర్లన్నీ ఒకటి జరిపేశారనుకోండి. మీ చేతిలో 31 అనే టికెట్ ఉంది, బోగీలో 31 కూడా ఉంది. కానీ అది మీరు బుక్ చేసుకున్న లోయర్ బెర్త్ కాదు. టీసీ కూడా ఏమీ అనడు, నంబర్ సరిపోయింది కదా! కొత్తగా టికెట్ తీసుకున్నవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. పాత టికెట్ వాళ్లకే తిప్పలు.

మా టూల్‌ని కొత్త లైబ్రరీతో మళ్లీ కంపైల్ చేసి ఉంటే ఫోటోలు బాగానే వచ్చేవి. అంటే ఏపీఐ చెడలేదు, ఏబీఐ చెడింది. అందుకే ఇలాంటివి డెవలపర్ మెషీన్‌లో బయటపడవు. వాడేవాళ్ల దగ్గర బయటపడతాయి.

ఆ నంబర్ ఎక్కడుంటుంది, ఎవరు చూస్తారు?

షేర్డ్ లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే ఒకే ఫైల్. విండోస్‌లో డీఎల్ఎల్ అంటారు, యూనిక్స్ కుటుంబంలో ఎస్‌ఓ ఫైల్ అంటారు. మీ ఫోన్‌లోని ఏ గేమ్ ఏపీకేనైనా జిప్ ఫైల్‌లా తెరిచి చూడండి, లిబ్ అనే ఫోల్డర్‌లో ఎస్‌ఓ ఫైళ్లు కనిపించొచ్చు.

ఓపెన్‌బీఎస్‌డీలో ఆ ఫైల్ పేరు లిబ్‌ఫూ.ఎస్‌ఓ.3.1 ఇలా ఉంటుంది. ఇందులో 3 మేజర్, 1 మైనర్. ప్రోగ్రామ్‌ని బిల్డ్ చేసినప్పుడు, నాకు లిబ్‌ఫూ 3.1 కావాలి అని లింకర్ ఆ ప్రోగ్రామ్ లోపలే రాసిపెడుతుంది. ప్రోగ్రామ్ స్టార్ట్ అయిన ప్రతిసారీ డైనమిక్ లింకర్ ఆ రాతని చదివి సరిపోయే ఫైల్‌ని వెతుకుతుంది. మేజర్ కచ్చితంగా అదే ఉండాలి. మైనర్ అంతే ఉండొచ్చు, ఎక్కువైనా ఉండొచ్చు. 3.1 కావాలన్న ప్రోగ్రామ్ 3.2తో నడుస్తుంది, 4.0తో నడవదు.

ఈ మేజర్, మైనర్ పద్ధతి ఓపెన్‌బీఎస్‌డీ కనిపెట్టింది కాదు. 1988లో వచ్చిన సన్ఓఎస్ 4 నుంచి నడుస్తున్న సంప్రదాయం.

ఫ్రీబీఎస్‌డీలో ప్రోగ్రామ్ లోపల సాధారణంగా మేజర్ ఒక్కటే రాసి ఉంటుంది, లిబ్‌ఫూ.ఎస్‌ఓ.3 అని. పద్ధతిలో తేడా ఉన్నా మూలసూత్రం ఒక్కటే. డైనమిక్ లింకర్‌కి స్ట్రక్చర్లు, గడులు ఏమీ తెలీవు. అది నంబర్‌ని మాత్రమే నమ్ముతుంది. ఆ నంబర్ అబద్ధం చెబితే దాన్ని పట్టుకునేవాళ్లు ఇంకెవరూ లేరు.

సాఫ్ట్‌వేర్ వెర్షన్‌నే వాడేస్తే పోలేదా?

చాలామందికి వచ్చే మొదటి డౌట్ ఇదే. లిబ్‌ఫూ 1.4.3 అయితే ఫైల్ పేరు కూడా 1.4.3 పెట్టేయొచ్చు కదా అని. కుదరదు. ఎందుకంటే ఆ రెండు నంబర్లూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ "ఇది ఎన్నో రిలీజ్?" అన్నదానికి జవాబు. అందులో మార్కెటింగ్ ఉంటుంది, డెవలపర్ మూడ్ ఉంటుంది. లైబ్రరీ వెర్షన్ "పాత బైనరీ దీంతో నడుస్తుందా?" అన్నదానికి జవాబు. 1.9 నుంచి 2.0కి వెళ్లినా ఏబీఐ మారకపోవచ్చు. 1.4.2 నుంచి 1.4.3కి వెళ్లినా మారిపోవచ్చు. నాకు తగిలిన దెబ్బ రెండోది.

పోనీ లైబ్రరీ రాసినవాళ్లు వాళ్ల బిల్డ్ ఫైల్‌లో పెట్టిన లైబ్రరీ నంబర్‌ని వాడదామా? అక్కడ ఇంకో మెలిక ఉంది. చాలా ప్రాజెక్టులు లిబ్‌టూల్ అనే పనిముట్టు వాడతాయి. అందులో మూడు అంకెలుంటాయి: కరెంట్, రివిజన్, ఏజ్. ఉదాహరణకి 5:2:1 అని రాశారనుకోండి. అంటే ఇంటర్‌ఫేస్ నంబర్ 5, అందులో రెండో రివిజన్, వెనక్కి ఒక ఇంటర్‌ఫేస్ దాకా సపోర్ట్ ఉంది అని అర్థం.

లినక్స్‌లో లిబ్‌టూల్ ఆ మూడింటి నుంచి తయారుచేసే ఫైల్ పేరు లిబ్‌ఫూ.ఎస్‌ఓ.4.1.2. కరెంట్ నుంచి ఏజ్ తీసేస్తే వచ్చే 4 అక్కడ మేజర్. సన్ఓఎస్ పద్ధతిలో అదే 5:2:1 నుంచి వచ్చేది లిబ్‌ఫూ.ఎస్‌ఓ.5.2. ఏజ్ అనే అంకెకి ఇక్కడ చోటే లేదు. కొత్త ఫంక్షన్ ఒకటి కలిపితే కరెంట్, ఏజ్ రెండూ పెరుగుతాయి. లినక్స్‌లో మేజర్ మారదు, ఇక్కడ మాత్రం మేజర్ మారిపోతుంది. అంటే పాత ప్రోగ్రామ్‌లన్నీ ఏ కారణం లేకుండా ఆగిపోతాయి. ఒకే సోర్స్, ఒకే మూడు అంకెలు, సిస్టమ్‌ని బట్టి అర్థం మారిపోతోంది. దీనికి తోడు ఆ మూడు అంకెల రూల్స్‌ని సరిగ్గా అర్థం చేసుకోకుండా, రిలీజ్ వెర్షన్‌నే అక్కడ దించేసే డెవలపర్లు బోలెడుమంది.

అందుకే ఓపెన్‌బీఎస్‌డీ పోర్ట్స్ ఒక గట్టి నిర్ణయం తీసుకుంది. లైబ్రరీ నంబర్‌ని ప్యాకేజీ కట్టేవాళ్లే పెట్టాలి. సోర్స్‌లో ఏముందో పట్టించుకోనక్కర్లేదు. పోర్ట్ మేక్‌ఫైల్‌లో షేర్డ్ లిబ్స్ అనే వేరియబుల్‌లో లైబ్రరీ పేరు, నంబర్ రాస్తారు. కొత్త పోర్ట్ అయితే 0.0 నుంచి మొదలు. బిల్డ్ జరిగేటప్పుడు ఈ నంబరే లోపలికి వెళ్తుంది. లిబ్‌టూల్ స్థానంలో ఓపెన్‌బీఎస్‌డీ సొంతంగా రాసుకున్న లిబ్‌టూల్ ఉంది. సీమేక్, మీసన్ లాంటి బిల్డ్ టూల్స్ కూడా ఈ నంబర్‌నే తీసుకునేలా ప్యాచ్ చేసి ఉంటాయి.

దీనివల్ల మంచి ఏంటంటే నంబర్ బాధ్యత ఒకరి చేతిలో ఉంటుంది. చెడు ఏంటంటే ఆ ఒకరు నాలాంటి వాడైతే పెళ్లి ఫోటోలు పోతాయి.

నంబర్ ఎప్పుడు మార్చాలి?

రూల్స్ మూడే. లోపలి కోడ్ మాత్రమే మారితే, అంటే బగ్ ఫిక్స్ చేశారు, స్పీడ్ పెంచారు, బయటికి కనిపించేది ఏదీ మారలేదు అంటే నంబర్ ముట్టుకోవద్దు. కొత్త ఫంక్షన్లు కలిసి, పాతవన్నీ యథాతథంగా ఉంటే మైనర్ ఒకటి పెంచాలి, 3.1 కాస్తా 3.2 అవుతుంది. పాతది ఏదైనా తీసేసినా, మార్చినా మేజర్ పెంచి మైనర్‌ని సున్నా చేయాలి, అంటే 4.0.

నంబర్ ఎప్పుడూ ముందుకే వెళ్లాలి. డెవలపర్లు మార్పుని వెనక్కి తీసుకున్నా సరే, మనం 4.0 నుంచి 3.1కి దిగకూడదు, 5.0కి వెళ్లాలి. ఒకసారి వాడిన నంబర్‌కి ఇంకో అర్థం ఇవ్వకూడదు.

రూల్స్ చదవడానికి ఈజీగానే ఉన్నాయి. "మార్చడం" అంటే ఏంటో తేల్చడమే కష్టం. ఫంక్షన్ తీసేస్తే ఎవరికైనా తెలుస్తుంది. తెలియకుండా దెబ్బకొట్టేవి ఇవి:

ఒకటి, స్ట్రక్చర్ మధ్యలో కొత్త గడి పెట్టడం. చివర్లో పెట్టినా సేఫ్ కాదు. ఆ స్ట్రక్చర్‌కి మెమరీ ఇచ్చేది ప్రోగ్రామే అయితే, అది పాత సైజులోనే ఇస్తుంది, లైబ్రరీ హద్దు దాటి చదువుతుంది.

రెండు, ఈనమ్ జాబితా మధ్యలో కొత్త పేరు చేర్చడం. పేర్లన్నీ కంపైల్ అయ్యాక అంకెలే. ఒకటి దూరితే కింద ఉన్నవన్నీ జరుగుతాయి.

మూడు, ఫంక్షన్ తీసుకునే విలువ సైజు మారడం. 32 బిట్లది 64 బిట్లు అయితే ఫంక్షన్ పేరు మారదు, ఒప్పందం మారుతుంది.

నాలుగు, సీ ప్లస్ ప్లస్‌లో క్లాస్‌కి వర్చువల్ ఫంక్షన్ కలపడం. ఆ ఫంక్షన్ల పట్టికలో వరస మారితే పాత ప్రోగ్రామ్ ఒక ఫంక్షన్‌ని పిలవబోయి ఇంకోదాన్ని పిలుస్తుంది.

ఐదు, హెడర్ ఫైల్‌లో ఉండే మాక్రోలు, ఇన్‌లైన్ ఫంక్షన్లు. ఇవి ప్రోగ్రామ్ లోపలే ఫిక్స్ అయిపోతాయి. లైబ్రరీ మారినా ప్రోగ్రామ్‌లో పాత విలువే ఉంటుంది.

వీటిని పట్టుకోవడానికి రెండు పనులు చేయాలి. మొదటిది, పాత ఎస్‌ఓ ఫైల్, కొత్త ఎస్‌ఓ ఫైల్ బయటికి ఇచ్చే పేర్లని పోల్చడం. ఓపెన్‌బీఎస్‌డీ సోర్స్‌లో చెక్ సిమ్ అనే స్క్రిప్ట్ ఈ పని చేస్తుంది. ఏ ఫంక్షన్ పోయింది, ఏది కొత్తగా వచ్చింది అని చెప్పేస్తుంది. కానీ నా కేసులో చెక్ సిమ్ రన్ చేసినా ఏమీ దొరికేది కాదు. ఎందుకంటే ఫంక్షన్ పేర్లు ఒక్కటీ మారలేదు, స్ట్రక్చర్ మారింది. అందుకే రెండో పని తప్పనిసరి: పాత సోర్స్, కొత్త సోర్స్ హెడర్ ఫైళ్ల డిఫ్ తీసి కళ్లతో చదవడం. డీబగ్ సమాచారంతో బిల్డ్ చేస్తే అబిడిఫ్ లాంటి టూల్స్ స్ట్రక్చర్ల తేడాని కూడా చూపిస్తాయి. నేను ఆ రోజు హెడర్ డిఫ్ తీసుంటే ప్లస్ గుర్తుతో ఒక్క లైన్ కనిపించేది. చదవడానికి పది సెకన్లు.

మేజర్ పెంచుంటే ఏమయ్యేది?

నేను నంబర్‌ని 4.0 చేసి ఉంటే ఏం జరిగేదో చూడండి. ప్యాకేజీ అప్‌డేట్ చేసేటప్పుడు ఓపెన్‌బీఎస్‌డీ ప్యాకేజ్ మేనేజర్ గమనించేది: ఫోటో టూల్‌కి ఇంకా 3.1 కావాలి, కొత్త ప్యాకేజీలో అది లేదు అని. అప్పుడు పాత లైబ్రరీ ఫైల్‌ని చెరిపేయకుండా, డాట్ లిబ్స్ అనే పేరుతో మొదలయ్యే ఒక చిన్న ప్యాకేజీగా పక్కన దాచిపెట్టేది. టూల్ పాత 3.1తోనే హాయిగా నడిచేది. కొత్తగా బిల్డ్ చేసినవి 4.0 వాడుకునేవి. ఫోటోలు భద్రంగా ఉండేవి.

అంటే ఈ పరిస్థితి కోసం సిస్టమ్‌లో ఏర్పాటు ముందే ఉంది. అది పనిచేయాలంటే నంబర్ నిజం చెప్పాలి, అంతే.

మిగతా ప్రోగ్రామ్‌లని మళ్లీ బిల్డ్ చేయించడం ఇంకో సగం పని. ఓపెన్‌బీఎస్‌డీలో ప్రతి ప్యాకేజీకి ఒక సిగ్నేచర్ ఉంటుంది, అందులో అది వాడే లైబ్రరీల నంబర్లు కూడా కలిసి ఉంటాయి. లైబ్రరీ నంబర్ మారి మళ్లీ బిల్డ్ అయితే సిగ్నేచర్ మారుతుంది, దాంతో యూజర్‌కి అప్‌డేట్ వెళ్తుంది. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్స్‌లో ఆ లైబ్రరీ మీద ఆధారపడిన పోర్టులన్నిటి పోర్ట్ రివిజన్‌ని ప్యాకేజీ కట్టేవాళ్లే పెంచాలి. నెట్‌బీఎస్‌డీ వాళ్ల పీకేజీ సోర్స్‌లో అయితే, ఏ వెర్షన్ నుంచి ఏబీఐ మారిందో రాసి, ఆధారపడిన ప్యాకేజీలన్నిటికీ రివిజన్ పెంచుతారు. ఒక ప్రముఖ లైబ్రరీ మేజర్ మారితే వందల ప్యాకేజీలు ముట్టుకోవాల్సి రావచ్చు. అందుకే భయపడి అనవసరంగా మేజర్ పెంచడం కూడా మంచిది కాదు. పెంచకపోతే డేటా పోతుంది, ఊరికే పెంచితే అందరి టైమ్ పోతుంది.

సిమ్‌లింక్ అనే షార్ట్‌కట్ జోలికి పోకండి

లిబ్‌ఫూ 3 దొరకలేదు అని ఎర్రర్ వచ్చినప్పుడు చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: 4కి 3 అనే పేరుతో ఒక సిమ్‌లింక్ పెట్టేయ్, పనైపోతుంది అని. ఫ్రీబీఎస్‌డీలో లిబ్‌మ్యాప్ అనే కాన్ఫిగరేషన్ ఫైల్ ఉంది, దాంతో కూడా ఇదే పని చేయొచ్చు. ప్రోగ్రామ్ నిజంగానే స్టార్ట్ అవుతుంది. కానీ మీరు చేసింది ఏంటంటే, నేను నంబర్ మార్చకుండా చేసిన తప్పునే చేత్తో మళ్లీ చేయడం. ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ప్రోగ్రామ్ ఎవరికీ నష్టం చేయదు. ఎర్రర్ లేకుండా తప్పుగా నడిచే ప్రోగ్రామే ప్రమాదం.

2038 సమస్య: ఒకే ప్రశ్న, మూడు జవాబులు

ఇంతవరకు చిన్న లైబ్రరీ కథ. ఇప్పుడు అన్నిటికంటే పెద్ద లైబ్రరీ సంగతి చూద్దాం, సిస్టమ్‌లోని దాదాపు ప్రతి ప్రోగ్రామ్ వాడే సీ లైబ్రరీ, అంటే లిబ్‌సీ. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే అంకె 32 బిట్లలో ఉంటే 2038 జనవరిలో నిండిపోతుంది. దాన్ని 64 బిట్లు చేయాలి. కానీ సైజు మారితే ఏబీఐ మారుతుంది, అదీ అన్ని ప్రోగ్రామ్‌లకీ ఒకేసారి.

ఓపెన్‌బీఎస్‌డీ 2014 మేలో వచ్చిన 5.5లో అన్ని ప్లాట్‌ఫామ్‌లలోనూ 64 బిట్లకి మారిపోయింది. లిబ్‌సీ మేజర్ పెంచారు, అన్నీ మళ్లీ బిల్డ్ చేశారు, పాత బైనరీల కోసం ఆగలేదు. వాళ్ల పద్ధతే అంత. అందుకే ఓపెన్‌బీఎస్‌డీ లిబ్‌సీ మేజర్ నంబర్ ఇప్పటికే 90 దాటేసింది.

నెట్‌బీఎస్‌డీ అదే మార్పుని 2012లో వచ్చిన 6.0లో చేసింది, కానీ లిబ్‌సీ మేజర్‌ని ముట్టుకోలేదు. చాలా ఏళ్లుగా అది 12 దగ్గరే ఉంది. కొత్త ఫంక్షన్లకి లోపల వేరే పేర్లు పెట్టి, పాత పేర్లతో పాత ఫంక్షన్లని అలాగే ఉంచారు. పాత బైనరీ పాతదాన్ని పిలుస్తుంది, కొత్తది కొత్తదాన్ని.

ఫ్రీబీఎస్‌డీ వాడేది సింబల్ వెర్షనింగ్. ఒకే ఫైల్‌లో ఒకే ఫంక్షన్‌కి పాత, కొత్త వెర్షన్లు రెండూ పెట్టి, ఒక్కోదానికి ట్యాగ్ వేస్తారు. 2018 డిసెంబర్‌లో వచ్చిన 12.0లో ఫైల్ ఐనోడ్ నంబర్లని 64 బిట్లకి మార్చినప్పుడు ఇదే వాడారు. లిబ్‌సీ 7.0 రోజుల నుంచి ఉన్న నంబర్ 7 దగ్గరే ఉండిపోయింది.

ఏది గొప్ప అంటే చెప్పలేం. ఓపెన్‌బీఎస్‌డీ దారిలో కోడ్ శుభ్రంగా ఉంటుంది, యూజర్ మొత్తం అప్‌డేట్ చేసుకోవాలి. మిగతా రెండింటిలో పాత ప్రోగ్రామ్‌లు నడుస్తాయి, డెవలపర్లు పాత బరువు మోస్తూ ఉండాలి. కానీ ముగ్గురూ ఒప్పందం మారినప్పుడు ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాశారు: ఒకరు నంబర్‌లో, ఒకరు పేరులో, ఒకరు ట్యాగ్‌లో.

ఇంత తలనొప్పి ఎందుకు, ఎవరి కాపీ వాళ్లు పెట్టుకోవచ్చు కదా?

ఫోన్ యాప్స్ చేసేది అదే. ప్రతి యాప్ తనకి కావాల్సిన లైబ్రరీ కాపీని తన ఏపీకేలోనే మోసుకొస్తుంది. నంబర్ గొడవ ఉండదు. దానికి వేరే ఖర్చుంది. 2023 సెప్టెంబర్‌లో లిబ్‌వెబ్‌పీ అనే ఇమేజ్ లైబ్రరీలో తీవ్రమైన సెక్యూరిటీ లోపం బయటపడింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎలక్ట్రాన్ మీద కట్టిన యాప్స్, ఇలా ఎవరి కాపీ వాళ్లే అప్‌డేట్ చేయాల్సి వచ్చింది. అదే షేర్డ్ లైబ్రరీ అయితే, ఏబీఐ మారని ఫిక్స్‌కి ఒక్క ఫైల్ మార్చి, నడుస్తున్న ప్రోగ్రామ్‌లని రీస్టార్ట్ చేస్తే దాన్ని వాడేవన్నీ ఒకేసారి సేఫ్.

ఆండ్రాయిడ్‌కి కూడా షేర్డ్ లైబ్రరీ పాఠం తగిలింది. 6.0లో గూగుల్ సిస్టమ్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ స్థానంలో బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ పెట్టింది. సిస్టమ్ కాపీని దొంగచాటుగా వాడుకునే యాప్స్‌కి అది ఇబ్బందే. 7.0 నుంచి యాప్స్ అలాంటి ప్రైవేట్ లైబ్రరీలకి లింక్ అవ్వకుండా ఆంక్షలు పెట్టారు. మాట ఇవ్వని లైబ్రరీ మీద ఆధారపడొద్దు అని చెప్పినట్టు.

ఇప్పుడు నేనేం చేస్తున్నా?

ప్యాకేజీ కట్టాలనుకునే ఎవరికైనా నేను ఇప్పుడు పాటించే వరస ఇది. కొత్త వెర్షన్ రాగానే రిలీజ్ నోట్స్ చదువుతా, కానీ నమ్మను. హెడర్ ఫైళ్ల డిఫ్ తీసి ప్రతి లైన్ చదువుతా. సింబల్స్ పోలుస్తా. పైన చెప్పిన ఐదింట్లో ఏదైనా కనిపిస్తే మేజర్ పెంచుతా. డౌట్ తీరకపోతే కూడా మేజరే. ఆ తర్వాత అసలైన టెస్ట్: పాత నంబర్‌తో బిల్డ్ అయిన ప్రోగ్రామ్‌ని మళ్లీ బిల్డ్ చేయకుండా, కొత్త లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి నడుపుతా. హెల్ప్ మెసేజ్ చూసి ఆగను, నిజమైన పని చేయించి ఫలితం చూస్తా. చివరగా, ఒరిజినల్స్ మీద సేవ్ చేసే ఆప్షన్ ఏ టూల్‌లో ఉన్నా ముందు బ్యాకప్ తీయమని అందరికీ చెబుతా.

మా వాడి ఫోటోల్లో సగం వాళ్ల బావగారి ఫోన్‌లో వాట్సాప్ కాపీలుగా దొరికాయి. మిగతా సగం పోయినట్టే. అక్క ఏమీ అనలేదు. ఆమెకి లైబ్రరీ అంటే ఏంటో తెలీదు, "కంప్యూటర్‌లో ఏదో అయిందంట" అనుకుంది. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. కంప్యూటర్ తన పని తాను సరిగ్గానే చేసింది. 3.1 అని నేను రాసిన మాటని నమ్మింది.